పొగకో చట్టం, దుంగకో దారి

సింగపూర్‌ను చూసి నేర్చుకోండని మన నాయకులు చెప్పని రోజు లేదు. అమరావతికి పటం గీయించిందీ అక్కడివాళ్లతోనే. సరే, నేర్చుకుందాం. కలప దగ్గర మొదలుపెడదాం.

నరుక్కుందామంటే అడవి లేని దీవి అది. ఉన్నదాన్ని పంతొమ్మిదో శతాబ్దంలోనే ఊడ్చేశారు. తోళ్ల శుద్ధికి పనికొచ్చే గాంబియర్ ఆకును ఉడకబెట్టడానికి చుట్టుపక్కల చెట్లన్నీ పొయ్యిలోకి పోయాయి. 1883లో వలస ప్రభుత్వమే కంగారుపడి అటవీ నివేదిక రాయించుకుని, బుకిట్ తిమా గుట్టలాంటి కొన్ని చోట్లను రిజర్వు చేసింది. నాటి అడవి ఇవాళ దీవిలో ఒక శాతంలో సగం కూడా మిగల్లేదు. అలాంటి చోట రంపపు మిల్లులు, ప్లైవుడ్ ఫ్యాక్టరీలు వర్ధిల్లాయి. కాలాంగ్‌లో ఇరుకైపోతే 1970ల్లో సుంగై కదుత్‌లో వాటికో పారిశ్రామిక పేటే కట్టించారు. దుంగ పొరుగు దేశాలది, కోతకూలీ, లాభం సింగపూర్‌వి.

అడవి లేని చిన్న దేశం కలప కొనుక్కోక ఏం చేస్తుందని మీరు అడగవచ్చు. కొనుక్కోనివ్వండి. తమ తలుపులకు, తమ మంచాలకు కొన్నదాని మీద నాకు పేచీ లేదు. కొని మళ్లీ అమ్మేదాని మీదే నా పేచీ. అంతకన్నా ముందు, వాళ్లు రాసుకున్న లెక్క మీద.

1963లో ఇండోనేషియాతో తగాదా మొదలైంది. ఆ దేశంతో జరిగే వ్యాపారం అంకెలను సింగపూర్ అచ్చువేయడం మానేసింది. 1966లో తగాదా సద్దుమణిగింది, అంకెలు మాత్రం 2000ల మొదటిదాకా బయటికి రాలేదు. సుమారు నలభై ఏళ్లు! ఎదురుగా బాతామ్ దీవి కంటికి కనిపిస్తూనే ఉంటుంది, పద్దులో మాత్రం ఆ దేశం లేదు. ఈలోపు ఇండోనేషియా 1985లో దుంగల ఎగుమతి నిషేధించింది, 1998 తర్వాత సడలించింది, 2001లో మళ్లీ నిషేధించింది. గట్టి కలప దిగుమతులు ఏ ఏడు ఎంత పెరిగాయో గీతలు గీసి మురిసిపోయే ఆర్థిక పండితులకు నా మనవి ఒక్కటే: మీ గీతలో పక్కింటి అమ్మకందారే లేడు. గుమాస్తా పొరపాటున వదిలేసిన గడి కాదది, ఒక ప్రభుత్వం కావాలని ఖాళీగా ఉంచినది.

ఆ ఖాళీలోంచి ఏం జారిపోయిందో చెప్పాలంటే రమిన్ కలప సంగతి చెప్పాలి. తెల్లగా, నార తిన్నగా ఉండే చెట్టు. ఫొటో ఫ్రేములకు, పసిపిల్లల మంచాలకు, బిలియర్డ్స్ కర్రలకు వాడతారు. బోర్నియో, సుమత్రాల బురద అడవుల్లో, ఒరాంగుటాన్‌లు తిరిగే చోట పెరుగుతుంది. 1998లో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో దిగిపోయాక తంజుంగ్ పుటింగ్ జాతీయ పార్కులోకే గొడ్డళ్లు దిగాయి. ఆ దొంగతనాన్ని బయటపెట్టిన ఇద్దరు పరిశోధకులను 2000 జనవరిలో చావబాదారు. ఇండోనేషియా 2001లో రమిన్‌ను, ముప్పులో ఉన్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం జాబితాకెక్కించింది. అయినా దొంగ రమిన్ మలేసియా, సింగపూర్‌ల మీదుగా దర్జాగా సాగుతోందని ఆ ఇద్దరు పనిచేసిన సంస్థలే ఆ తర్వాత కూడా నివేదికలు రాశాయి.

ఇక 2014కు రండి. ఆ మార్చిలో సింగపూర్‌లోని జురాంగ్ రేవులో మడగాస్కర్ రోజ్‌వుడ్ పట్టుబడింది, 29,434 దుంగలు. మూడు వేల టన్నుల పైమాటే. మడగాస్కర్‌లో 2009 తిరుగుబాటు తర్వాత మసోఆలా, మరోజెజి పార్కులను కొల్లగొట్టిన రోజులవి. పట్టుకున్నందుకు సింగపూర్ అధికారులను మెచ్చుకోవాలి, మెచ్చుకుంటున్నాను. కేసు కోర్టుల్లో అటూ ఇటూ తిరిగింది. హైకోర్టు ఆ దుంగలు తెప్పించిన కంపెనీకి, దాని డైరెక్టరుకు శిక్ష వేసింది. 2019లో అప్పీలు కోర్టు ఇద్దరినీ వదిలేసింది. ఎందుకట? దుంగలు దాటిపోవడానికే వచ్చాయట, అధికారుల అదుపులోనే ఉన్నాయట, కాబట్టి అది దిగుమతే కాదట! అప్పటి చట్టం అలా ఉంది, జడ్జీలు అలా చదివారు. తప్పు రాసినవాళ్లది.

రాయడం చేతకాక కాదు. అదే 2014 ఆగస్టులో ఆ పార్లమెంటే ఇంకో చట్టం చేసింది. అంతకు ముందు ఏడాది జూన్‌లో ఇండోనేషియా అడవుల మంటల పొగ కమ్మి గాలి కాలుష్య సూచీ 401కి చేరింది, జనం మూతులకు మాస్కులు కట్టుకున్నారు. దాంతో, పరాయి గడ్డ మీద మంట పెట్టినా సరే, పొగ మా దీవికి వస్తే కంపెనీలకు రోజుకు లక్ష డాలర్ల దాకా జరిమానా అన్నారు. సముద్రం అవతలి నేరాన్ని తమ కోర్టుకు ఈడ్చగల దేశం, ఆ అడవి తాలూకు దుంగ తన రేవులో దిగితే మాత్రం మాకేం సంబంధం అంది. పొగ ఊపిరికి అడ్డం, దుంగ బేరానికి ఆధారం. అంతే తేడా. అమెరికా 2008లో, ఆస్ట్రేలియా 2012లో, యూరప్ 2010లో దొంగ కలపను దేశంలోకి రానివ్వబోమని చట్టాలు తెచ్చుకున్నాయి. సింగపూర్ ఆ బాట పట్టలేదు.

మనకెందుకీ గొడవ అంటారా? శేషాచలం కొండల ఎర్రచందనం సైటిస్ జాబితాలో ఉన్న చెట్టే. దాని అక్రమ దారుల్లో హాంకాంగ్, దుబాయ్‌లతో పాటు సింగపూర్ పేరూ వినిపిస్తూనే ఉంది. 2015 ఏప్రిల్ 7న ఆ కొండల్లో పోలీసు తూటాలకు 20 మంది తమిళ కూలీలు చచ్చిపోయారు. గొడ్డలి పట్టినవాడికి తూటా, ఓడ మార్చినవాడికి రసీదు. ఇదేనా మనం నేర్చుకోవాల్సిన పాలన?

సింగపూర్‌లో వేల తెలుగు కుటుంబాలు ఉన్నాయి, పౌరసత్వం తీసుకుని ఓటేసేవాళ్లూ ఉన్నారు. ఉగాదికి పిలిచే మంత్రులను సన్మానించి ఊరుకోకండి. నరికిన దేశంలో నేరమైన కలప, తమ రేవులో దిగినా, ఓడ మారినా నేరమేనని చట్టంలో ఒక్క వాక్యం రాయమని అడగండి. పొగకు రాసినవాళ్లు దుంగకూ రాయగలరు.