ఎవరి సెలవు?

ఈ వేసవిలో మా ఇంటిల్లిపాదీ సోమశిల వెళ్ళాలని నిర్ణయమైంది. ఈ వాక్యంలో కర్త లేడన్నది గమనించే ఉంటారు. మా కుటుంబాల్లో నిర్ణయాలు ఇలాగే ‘అవుతుంటాయి’. మా బావగారు ఫోన్లో ఒక వీడియో చూశారు. పరుచుకున్న కృష్ణ నీళ్ళు, మధ్యలో పచ్చటి గుట్టలు, కింద ‘తెలంగాణ మినీ మాల్దీవులు’ అన్న అక్షరాలు. ఆయన దాన్ని మా ఆయనకి పంపారు, మా ఆయన వాళ్ళ చెల్లెలి భర్తకి పంపాడు. రాత్రి భోజనాల వేళకి తేదీలు, కార్లు, కాటేజీలు అన్నీ ఖాయమైపోయాయి. ‘‘ప్లానింగంతా మేం చేసేశాం. ఇక మీరు సర్దుకోవడమే’’ అన్నారు.

సర్దుకోవడం! తెలుగులో పెట్టె సర్దుకోవడానికీ, బతుకులో సర్దుకుపోవడానికీ ఒకటే క్రియ వాడతాం. ఎవరు పెట్టారో గానీ బాగా తెలిసినవాళ్ళే పెట్టారు.

మొత్తం పదకొండు మందిమి, అందులో నలుగురు పిల్లలు. మా అత్తగారికి రోజుకి రెండుపూటలా ఇన్సులిన్, దానికొక ఐసు డబ్బా. మరిదిగారి చిన్నవాడికి బయటి అన్నం పడదు కాబట్టి చిన్న గ్యాసు పొయ్యి, కుక్కరు, సోనామసూరి, కందిపప్పు. దారిలో తినడానికి పులిహోర, చపాతీలు. పిల్లల ఈత బట్టలు, తువ్వాళ్ళు, జ్వరం మందు, దోమల మందు. నేనూ తోడికోడలూ ఈ జాబితా రాయడానికి మూడు రాత్రులు పట్టింది. ‘ప్లానింగ్’ అన్నది మగవాళ్ళు పావుగంటలో చేసిన పని పేరు. మేం మూడు రాత్రులు చేసినదానికి పేరు లేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేయించిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిచాకిరీకి, ఆ చాకిరీ చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. సెలవు రోజుల్లో ఈ లెక్క ఏమవుతుందో మన ఇళ్ళల్లో విడిగా చూసుకోవాలి. నా అనుభవంలోనైతే అది పెరుగుతుంది. బాచుపల్లిలో ఆరో అంతస్తులో ఉన్న వంటిల్లు నాలుగు రోజులపాటు కృష్ణ ఒడ్డుకి మారుతుంది. పైగా అక్కడ మిక్సీ ఉండదు.

ఒక మాట చెప్పుకోవాలి. మేం నీళ్ళ కరువులో లేం. ప్రగతినగర్‌లో అంబీర్ చెరువుంది, దాని పక్కనుంచి వెళ్ళేటప్పుడు కారు అద్దాలు ఎక్కించుకుంటాం. కాస్త అవతల అమీన్‌పూర్ చెరువుంది, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువు. మా చుట్టూ అపార్టుమెంట్లన్నీ ‘లేక్ వ్యూ’లే. ఉన్న చెరువుల్ని ఇలా చేసుకుని, చెరువు గాలి కోసం నూట ఎనభై కిలోమీటర్లు పోతున్నాం. అది వేరే వ్యాసం, వదిలేస్తాను.

ఇంతవరకూ రాసింది మనకు తెలియనిదేం కాదు. ఇంటిచాకిరీ గురించి ఇలాంటి పత్రికల్లో మనం ఎన్నో ఏళ్ళుగా రాసుకుంటున్నాం. నా స్నేహితులు కొందరికి దీనికి తయారుగా ఒక జవాబుంది: ‘‘కుటుంబంతో ఎందుకెళ్తావ్? ఒక్కదానివే వెళ్ళు. లేదా మాతో రా, ఆడవాళ్ళం మాత్రమే.’’ మొన్నటిదాకా నేనూ ఇదే జవాబు చెప్పేదాన్ని. ఒంటరి ప్రయాణం స్త్రీకి స్వేచ్ఛ అని ఒక సెమినారులో పత్రం కూడా చదివాను. ఇప్పుడు ఆ పత్రంతోనే నాకు పేచీ.

కారణం, మా ఇంట్లో పనిచేసే ఆమె. యాభై దాటిన మనిషి. పాలమూరు నుంచి ముందు కట్టడం పనికొచ్చి, నడుము పోయాక ఇళ్ళల్లో పనికి కుదిరింది. నేను హాల్లో కూర్చుని జాబితా రాస్తుంటే ‘‘ఏడికి పోతున్నరమ్మా?’’ అనడిగింది. చెప్పాను. చీపురు ఆపింది. ‘‘సోమశిలకా? మా తల్లిగారి ఊరు ఆ నీళ్ళల్లనే ఉన్నది గద’’ అంది. అని, సోఫా కింద ఊడవడానికి వంగింది.

శ్రీశైలం ప్రాజెక్టు గురించి నాకు తెలిసింది కరెంటు, కాలువలు, గేట్లు ఎత్తినప్పుడు టీవీలో చూపించే నురగ. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట కింద వందకు పైగా గ్రామాలు మునిగాయి. దాదాపు లక్షమంది నిర్వాసితులయ్యారు. కదలని ఊళ్ళని 1981లో పోలీసుల్ని పెట్టి కూలగొట్టించారు. దానికి సర్కారు పెట్టుకున్న పేరు ‘ఆపరేషన్ డిమాలిషన్’. ఇళ్ళు కూలగొట్టడానికి అంత నిజాయితీగా పేరు పెట్టినందుకు మెచ్చుకోవాలో ఏమో! ఆమెకి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. వాళ్ళమ్మ పొయ్యి మీది కుండ దించుకుని బయటికి రావడం గుర్తుందట. గోడ పడ్డాక కూడా పొయ్యిలో నిప్పు ఉందట.

అదే కాలంలో దేవుళ్ళకి ఏం జరిగిందో చూడండి. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ గుర్తు పెట్టి విప్పి, ఆలంపురం తీసుకొచ్చి, మళ్ళీ అలాగే నిలబెట్టారు. ముంపు ప్రాంతంలో మరికొన్ని ఆలయాలూ ఇలాగే తరలివచ్చాయి. ఆ పని చెయ్యకూడదని నేననడం లేదు. శిల్పం బతకాలి. కానీ ఒక రాయి ఏ వరసలో, ఏ రాయి పక్కన ఉండేదో రాసిపెట్టుకోగలిగిన రాజ్యం, ఒక మనిషి ఎవరి పక్కింట్లో ఉండేదో రాసుకోలేదు. పరిహారం పట్టా ఉన్నవాళ్ళకి. పట్టా ఎవరి పేరున ఉంటుందో మనకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చే సవరణ అమల్లోకొచ్చింది 1985 సెప్టెంబరు నుంచి. ఊళ్ళు అప్పటికే నీళ్ళ కింద ఉన్నాయి. కుటుంబానికొక ఉద్యోగమన్న 98వ నంబరు జీవో 1986లో వచ్చింది. దానికోసం ధర్నాలు దశాబ్దాల తరబడి సాగాయి. ‘కుటుంబానికొకటి’ అన్నప్పుడు ఆ ఒక్కరు ఎవరవుతారో కూడా మనకు తెలుసు. ఆమె అన్నలిద్దరూ దరఖాస్తులు పెట్టారట. ‘‘నీ పేరు పెట్టలేదా?’’ అంటే నవ్వింది.

వేసవిలో జలాశయం దిగిపోయినప్పుడు ఆ ప్రాంతంలో మునిగిన గుళ్ళు, పాత ఊళ్ళ పునాదులు బయటపడతాయి. సప్తనది సంగమేశ్వరం దర్శనమిచ్చేది అప్పుడే. మనం ‘గెట్‌అవే’కి ఎంచుకున్న ఋతువు, ఆమె ఊరు గాలి పీల్చుకునే ఋతువు ఒకటే. పత్రికల ఆదివారం అనుబంధాలు ఈ నీళ్ళని ‘ప్రశాంతత’ అంటాయి. ‘రొటీన్ నుంచి పారిపోండి’ అంటాయి. పారిపోవడం అనే మాటని ఆ ఒడ్డున నిలబడి అంత తేలిగ్గా ఎలా వాడతారు?

ఇది పత్రికలవాళ్ళ తప్పే అయితే నేనీ వ్యాసం రాయక్కర్లేదు. మన యాత్రా రచనలూ ఈ అలవాటులోనే ఉన్నాయి. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరినప్పుడు వెంట వందమంది దాకా పరివారం ఉంది. ఆ పుస్తకాన్ని మనం ఆయన ఒక్కడి ప్రయాణంగానే చదువుకున్నాం. మరి స్త్రీలం రాసినప్పుడు? పోతం జానకమ్మ ఇంగ్లండు యాత్ర పుస్తకం 1876లో వచ్చింది. నాయని కృష్ణకుమారి గారి ‘కాశ్మీర దీపకళిక’ మనందరికీ ఇష్టమైనది. గడప దాటడమే గెలుపైన రోజుల్లో వాళ్ళు దాటారు. వాళ్ళని తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ మనం ఇప్పుడు రాస్తున్న సోలో ట్రావెల్ వ్యాసాల్లో, సెమినారు ప్రయాణాల జ్ఞాపకాల్లో, మనం వెళ్ళిన ఆ మూడు రోజులూ మన ఇంట్లో గిన్నెలు ఎవరు తోమారో ఒక్క వాక్యమైనా ఉంటోందా? నా పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథం కృతజ్ఞతల పేజీ తీసి చూశాను. పర్యవేక్షకులు, గ్రంథాలయ సిబ్బంది, మా ఆయన ‘సహనం’ కూడా ఉన్నాయి. చివరి రెండేళ్ళు నా బిడ్డని చంకనేసుకుని నాకు గది వదిలిపెట్టిన ఆమె లేదు. స్త్రీల రచనల్లో శ్రమ చిత్రణ మీద నేను చేసిన పరిశోధన అది! (ఈ వ్యాసంలోనూ ఆమె పేరు లేదు. ఈసారి అడిగాను, వద్దంది.)

అసలు పేచీ ఇక్కడ మొదలైంది. మేం ఊరెళ్ళే నాలుగు రోజులు ఆమె రానక్కర్లేదు. మా అపార్టుమెంటులో రివాజు ప్రకారం ఆ రోజులకి జీతం కోస్తారు. ‘పని లేదు కదా’ అన్నది వాదన. మా ఆయనకి కంపెనీ ఇచ్చే సెలవుల్లో కూడా పని ఉండదు, జీతం మాత్రం ఉంటుంది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి వారానికో రోజు విశ్రాంతి, ఏడాదికి జీతంతో సెలవు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక 2011లోనే చెప్పింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. దేశం దాకా ఎందుకు, మా వంటింటి క్యాలెండరే ఆమోదించలేదు. నాగాలని ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టేది నేనే. పితృస్వామ్యం గురించి చెప్పమంటే గంట మాట్లాడగలను. ఆ ఎర్ర పెన్ను మాత్రం మా అత్తగారి చేతిలోంచి నా చేతిలోకి వచ్చిందే.

నాలుగు రోజులకీ జీతం ఇద్దామన్నాను. ‘‘ఇవాళ నువ్విస్తే రేపు అన్ని ఫ్లాట్లవాళ్ళూ ఇవ్వాల్సొస్తుంది’’ అన్నారు బావగారు. అదే కదా నేను కోరుకునేది! తోడికోడలు మాత్రం ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున జాబితా కాగితం మీద, ప్రతి వస్తువుకీ ఎదురుగా ఒక మగవాడి పేరు రాసి, ఫ్రిజ్‌కి అంటించింది. ఇన్సులిన్ డబ్బా ఎదురుగా బావగారి పేరు. ఆవిడ ఏ పత్రికలూ చదవదు.

జీతం సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడు నాకింకా ఉదారత్వం పొంగింది. ‘‘నువ్వూ మాతో రారాదూ? కార్లో చోటుంది. మీ ఊరున్న చోటు చూద్దువు’’ అన్నాను. నా మటుకు నాకు అది గొప్ప వాక్యంలాగే తోచింది. ఆమె నా ముఖంలోకి చూసింది.

‘‘నేనొస్తే మళ్ళ మీ పిల్లల్ని నేనే చూడాలె గదమ్మా’’ అంది.

నా దగ్గర జవాబు లేదు. నిజమే మరి, కార్లో ఆమెకి చోటు చూపించినప్పుడు నా మనసులో ఏముందో నాకంటే ముందు ఆమెకే తెలిసింది. ఆ నాలుగొద్దులు ఏం చేస్తావని అడిగాను. ‘‘పండుకుంట’’ అంది. గిన్నెలు బోర్లించి, చేతులు తుడుచుకుని, తలుపు దగ్గర ఆగి, ‘‘నీళ్ళు దిగినయో లేదో జూడుండ్రి. దిగితే ఓ ఫోటో తియ్యుండ్రి. మీరు లేకుంట, నీళ్ళొక్కటే’’ అంది.