ఇల్లు వెతికే ముందు బడి వెతకండి



2000 సంవత్సరంలో ష్రోడర్ ప్రభుత్వం ఐటీ నిపుణులకు గ్రీన్ కార్డ్ ప్రకటించినప్పుడు, నార్త్‌రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్ర ఎన్నికల్లో సీడీయూ నాయకుడు యుర్గెన్ రుట్‌గెర్స్ ప్రచారం మూడే మాటల నినాదమై ఊరంతా తిరిగింది: "కిండర్ ష్టాట్ ఇండర్". ఇండియా నుంచి మనుషుల్ని తెచ్చుకోవడమెందుకు, మన పిల్లలకే కంప్యూటర్లు నేర్పుదాం అని దాని సారాంశం. ఆ ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. మనవాళ్ళు వస్తూనే ఉన్నారు. 2012 నుంచి బ్లూ కార్డ్ మీద ఇంకా ఎక్కువగా వచ్చారు. ఇక్కడే పిల్లల్ని కన్నారు. ఇప్పుడు ఆ నినాదంలోని "కిండర్" కూడా మనవాళ్ళే.

ఆ పిల్లల్లో కొందరికి మాట ఆలస్యం, కొందరికి ఆటిజం, కొందరికి వినికిడి లోపం, కొందరికి నడక ఇబ్బంది. మన సంక్రాంతి సభల్లో, ఉగాది సభల్లో వాళ్ళ గురించి ఒక్క మాట వినపడదు. ఈసారి ఆ మాటే రాద్దామని కూర్చున్నాను. మా అబ్బాయి కూడా ఆ పిల్లల్లో ఒకడు.

మేం వచ్చేటప్పటికి వాడికి మూడేళ్ళు. ఇల్లు అందరిలాగే వెతికాం. ఆఫీసుకి ఎస్-బాన్‌లో ఎంతసేపు, అద్దె ఎంత, పప్పులూ కరివేపాకూ ఎక్కడ దొరుకుతాయి, ఇంతే. బడి గురించి అడగలేదు. గవర్నమెంటు బడులే కదా, అన్నీ ఒకటే అనుకున్నాం.

బడిలో చేర్చే వయసొచ్చాక పరీక్ష పెట్టారు. పరీక్ష జర్మన్‌లో. బంతి బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే వాడు "బంతి" అన్నాడు. కాగితం మీద "జవాబు లేదు" అని పడింది. ఇలాంటివే ఇంకో పది. చివరికి బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల ప్రత్యేక పాఠశాలకు పంపమని సిఫారసు వచ్చింది. మా ఆవిడ ఆ గదిలోనే అంది: "ప్రశ్న వాడికి అర్థం కాలేదు, జవాబు మీకు అర్థం కాలేదు. ఇందులో మాంద్యం ఎవరిది?" తర్జుమా చేయడానికి నాకు ధైర్యం చాల్లేదు.

భాషతో పనిలేని పరీక్ష కావాలని రాతపూర్వకంగా అడిగాం. నెలల తరబడి ఎదురు చూశాక అది జరిగింది. ఆటిజం ఉంది, తెలివి వయసుకు తగ్గట్టే ఉంది అని తేలింది. అయినా మా వీధి పరిధిలోని బడి "మా దగ్గర తగిన మనుషులు లేరు" అంది. చివరికి ఉద్యోగం మారి, రాష్ట్రమే మారాం. జీతం కొంత తగ్గింది. వాడిప్పుడు మామూలు బడిలో, పక్కన సహాయకురాలితో నాలుగో తరగతి చదువుతున్నాడు. అంతా స్వర్గమని చెప్పను. ఆవిడకి జ్వరమొచ్చిన రోజు "వచ్చి తీసుకెళ్ళండి" అని ఫోన్ వస్తుంది.

ఇది మా ఒక్కరి గొడవ కాదు. 2018 జూలైలో కొలోన్ కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఇంట్లో రోమా భాష మాట్లాడే కుర్రాడిని చిన్నప్పుడు జర్మన్‌లో పరీక్షించి బుద్ధిమాంద్యమని ముద్ర వేశారు. ఏళ్ళ తరబడి ప్రత్యేక పాఠశాలలోనే ఉంచారు. పెద్దయ్యాక అతను రాష్ట్ర ప్రభుత్వం మీద దావా వేసి గెలిచాడు. నష్టపరిహారం చెల్లించాల్సిందేనంది కోర్టు. పరిహారం రావచ్చు గానీ పోయిన బాల్యం వస్తుందా?

అమెరికాలో ఉన్న మన మిత్రులు స్కూల్ డిస్ట్రిక్ట్ చూసి ఇల్లు కొంటారు. అక్కడ 1975 నుంచి దేశమంతటికీ ఒకే సమాఖ్య చట్టం ఉంది, ప్రతి బిడ్డకూ వ్యక్తిగత ప్రణాళిక రాయాలి. జర్మనీలో అలా కాదు. చదువు రాష్ట్రాల అధికారం. 16 రాష్ట్రాలు, 16 బడి చట్టాలు. టీచర్లకు జీతమిచ్చేది రాష్ట్రం, భవనం చూసుకునేది మునిసిపాలిటీ. పిల్లవాడికి సహాయకుణ్ణి ఇచ్చేది మరో ఆఫీసు. కాబట్టి ఇక్కడ "మంచి డిస్ట్రిక్ట్ ఏది" అని అడిగే ముందు "ఏ రాష్ట్రం" అని అడగాలి.

వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒప్పందం జర్మనీలో 2009 మార్చి 26న అమల్లోకి వచ్చింది. బ్రేమెన్ అదే ఏడాది చట్టం మార్చింది. ప్రత్యేక పాఠశాలల్లో చదివే పిల్లల శాతం దేశంలో అతి తక్కువగా ఉన్నది అక్కడే. హాంబుర్గ్ మామూలు బడిలో చదివే హక్కును చట్టంలో రాసింది. బాడెన్-వుర్టెంబెర్గ్‌లో ప్రత్యేక పాఠశాలకు పోవాలన్న నిర్బంధం 2015 దాకా ఉంది. బవేరియాలో ప్రాథమిక బడికి "ష్ప్రెంగెల్" అనే పరిధి ఉంటుంది. మీ వీధే బడిని నిర్ణయిస్తుంది, వేరే బడి కావాలంటే కారణం చూపి దరఖాస్తు పెట్టాలి. నార్త్‌రైన్-వెస్ట్‌ఫాలియాలో మామూలుగా అలాంటి గీత లేదు, సీటుంటే ఏ ప్రాథమిక బడినైనా అడగవచ్చు. అయితే చట్టంలో హక్కు ఉన్నంత మాత్రాన బడిలో మనుషులు ఉన్నట్టు కాదు. ప్రత్యేక విద్య టీచర్ల కొరత అంతటా ఉంది. ఇలాంటి పిల్లల్లో సగానికి పైగా ఇప్పటికీ ప్రత్యేక పాఠశాలల్లోనే ఉన్నారు. ఐక్యరాజ్యసమితి కమిటీ 2015లోనూ 2023లోనూ ఈ విషయంలో జర్మనీని తప్పుపట్టింది.

ప్రత్యేక పాఠశాలలన్నీ చెడ్డవని నేననను. చిన్న తరగతులు, అక్కడే థెరపీ, నేర్పున్న టీచర్లు. మాకు తెలిసిన ఒక కుటుంబం కావాలనే దాన్ని ఎంచుకుంది, పాప అక్కడ సంతోషంగా ఉంది. కానీ తెలిసి ఎంచుకోవడం వేరు, అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టడం వేరు. ఆ బడుల నుంచి బయటికొచ్చే పిల్లల్లో మూడింట రెండు వంతులకు పైగా కనీస స్థాయి సర్టిఫికెట్ కూడా లేకుండా వస్తున్నారు. లోపలికి వెళ్ళాక మామూలు బడికి తిరిగి రావడం కష్టం. పోనీ ఇంట్లోనే చదివించుకుందామంటే ఇక్కడి చట్టం ఒప్పుకోదు.

అంచేత మా అనుభవంతో నాలుగు మాటలు.

1. ఉద్యోగం ఒప్పుకునే ముందే ఆ రాష్ట్రం చట్టం తెలుసుకోండి. అద్దె కాగితం మీద సంతకం పెట్టే ముందు బడికి వెళ్ళండి. హెడ్‌మాస్టర్‌ని అడగండి: ప్రత్యేక విద్య టీచరు వారానికి ఎన్ని గంటలు ఉంటారు? ఇప్పుడు ఎంతమంది ఇలాంటి పిల్లలున్నారు? సహాయకుడు రాని రోజు ఏం చేస్తారు? వెబ్‌సైట్‌లో "అందరికీ స్వాగతం" అని ప్రతి బడీ రాస్తుంది.

2. పరీక్ష ఏ భాషలో అని ముందే అడగండి. భాషతో పనిలేని పరీక్షలున్నాయి, దుబాసీని కూడా అడగవచ్చు. తెలుగు మానేస్తే జర్మన్ వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. అమ్మతో మాట్లాడే భాష తీసేస్తే మిగిలేది మౌనమే.

3. బడిలో పక్కన కూర్చునే సహాయకుణ్ణి "షూల్‌బెగ్లైటుంగ్" అంటారు. ఆటిజం, మానసిక సమస్యలకు మామూలుగా యూగెండ్‌ఆమ్ట్‌కి, శారీరక, బుద్ధి వైకల్యాలకు "ఐన్‌గ్లీడెరుంగ్స్‌హిల్ఫె" చూసే ఆఫీసుకి దరఖాస్తు చేయాలి. తల్లిదండ్రుల జీతంతో సంబంధం లేదు, డబ్బు కట్టక్కర్లేదు. తప్పు ఆఫీసులో ఇచ్చామేమో అని భయపడకండి. రెండు వారాల్లోపు సరైన ఆఫీసుకి పంపాల్సిన బాధ్యత వాళ్ళదే, పంపకపోతే వాళ్ళే చూడాలి. కాదన్నారా, రాతపూర్వకంగా ఇవ్వమనండి. అభ్యంతరం చెప్పడానికి సాధారణంగా ఒక నెల గడువు, ఆ వివరం ఉత్తరం చివర ఉంటుంది.

4. 2018 నుంచి "ఈయూటీబీ" అనే ఉచిత సలహా కేంద్రాలు దేశమంతటా ఉన్నాయి. ఏ ఆఫీసు పక్షమూ వహించవు. మొదటి రోజే వెళ్ళండి.

ఇక రాజకీయం. ఇది రాజకీయ వేదిక కాబట్టి చెప్పక తప్పదు. ఇండియా పాస్‌పోర్టు ఉన్న మనకి ఇక్కడ మునిసిపల్ ఎన్నికల్లో కూడా ఓటు లేదు. కానీ బడి తల్లిదండ్రుల కమిటీలో ఓటు వేయడానికీ పోటీ చేయడానికీ పౌరసత్వం అడగరు. పార్లమెంటుకు పిటిషన్ పెట్టే హక్కు రాజ్యాంగంలోని 17వ అధికరణం ప్రతి మనిషికీ ఇచ్చింది. హైదరాబాద్ రాజకీయాల మీద అర్ధరాత్రి దాకా వాదించుకునే మనం, మన వీధి బడి కమిటీలో ఎంతమందిమి కూర్చున్నాం?

కూర్చోకపోవడానికి కారణం భాష ఒక్కటే కాదు. సిగ్గు కూడా. ఊళ్ళో తెలిస్తే ఏమంటారు, చెల్లెలి పెళ్ళికి అడ్డం వస్తుందేమో అని. మేమూ రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండేళ్ళూ ఇదే ఊళ్ళో, మూడు వీధుల అవతల, మా కన్నా ముందు ఇదంతా దాటిన ఒక తెలుగు కుటుంబం ఉందని మాకు తెలియదు. తెలిసుంటే అర్థం కాని ఆ మొదటి కాగితం వాళ్ళకి చూపించేవాళ్ళం.

మీరూ అలా దాటినవాళ్ళైతే ఈ ఉగాదికి నలుగురిలో ఆ మాట చెప్పండి. మీ ఇంట్లో ఆ కాగితం ఇప్పుడే వచ్చి ఉంటే దాచకండి, తెలిసినవాళ్ళకి చూపించండి.