ఆకలి చంపే సూది, తునకలు దాచే చీటీ

మా తాత గటుక తాగి దొర పొలంల నాగలి పట్టిండు. కడుపు నిండా తిన్న దినం పండుగ దినమే. ఆయన మనుమణ్ని, బడిపంతుల్ని నేను, ఆకలి కాకుండ వారానికో సూది పొడుచుకుంటున్న. నవ్వుతరేమో! షుగరూ, పెరిగిన బరువూ నవ్వులాట కాదు. డాక్టరు రాసిండు, తీసుకున్న.

సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అంటరు ఈ మందుల్ని. బరువు తగ్గేందుకు 2025 మార్చిల మౌంజారో, జూన్‌ల వెగోవీ మన దేశంల అమ్మకానికొచ్చినయ్. కడుపుల తిండి మెల్లగ కదుల్తది. 'చాలు' అని మెదడుకు కబురు పోతది. నాలుగు బుక్కలకే కంచం జరుపుతం. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతది. మూడు నెలలల్ల ఏడు కిలోలు తగ్గిన. అందరూ మెచ్చుకున్నరు. బియ్యం సంచి లేపబోతే మోకాళ్లు వణికినయ్.

'ప్రోటీను సాలుత లేదు' అని ఆసుపత్రిల అచ్చేసిన చీటీ ఇచ్చిన్రు. ఏమున్నది అండ్ల? పనీరు, బాదం, మొలకలు, డబ్బా పొడి. గుడ్డు లేదు, చేప లేదు, పెద్దకూర మాటే లేదు! ఆ డబ్బా కొంటే కూలి మనిషికి వారం కూలి పోతది. ఎవరి కంచం చూసి రాసిన్రు ఈ పథ్యం?

అన్నలారా, అక్కలారా, నా తప్పూ చెప్త. 'రోజూ ఏం తింటరు?' అని అడిగితే 'పప్పన్నం' అన్న. డిగ్రీ చదివిన నోటికి తునకల పేరు రాలేదు. 2012 ఏప్రిల్‌ల ఉస్మానియాల పెద్దకూర పండుగ చేసిన పిల్లల ధైర్యం నాకు డాక్టరు ముందట లేకపాయె. ఆ సిగ్గు మనకు నేర్పినోళ్లెవరు?

ఇగ లెక్క చూడుండ్రి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీను. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. సూది వాడేటోళ్లకు కిలోకు 1.2 గ్రాములు, ఆపైన కావాలంటున్నరు డాక్టర్లు. 2 గుడ్లల్ల 12 గ్రాములు, 100 గ్రాముల పెద్దకూరల 20, 50 గ్రాముల కందిపప్పుల 11, గుప్పెడు పల్లీలల్ల 7. యాభై మన వాడలనే దొరికె! 100 గ్రాముల అన్నంల 3 గ్రాములు కూడా ఉండదు.

అందుకే ఆకలి లేకున్నా మొదటి బుక్క కూరదో, గుడ్డుదో, పప్పుదో కావాలె. అన్నం తర్వాత. ఒక్కపారి తినలేకుంటే నాలుగు పార్లు కొంచెం కొంచెం తినాలె. కొవ్వు, నూనె ఎక్కువైతే ఈ మందు మీద వాంతులైతయ్. కొవ్వు తీసి ఉడకబెట్టుకోవాలె. బీపీ ఉన్నోళ్లు ఎండు చేపల ఉప్పుతోని జాగ్రత్త. కిడ్నీ జబ్బున్నోళ్లు డాక్టర్ని అడగకుండ ప్రోటీను పెంచొద్దు.

కార్యకర్తలారా, వాడల ఎవరన్న ఈ సూది వాడుతుంటే వాళ్ల కంచం చూడుండ్రి. ఆసుపత్రికి తోడు పోండ్రి. 'మేం తినేది ఈ చీటీల రాయుండ్రి' అని అడగుండ్రి. నేను మళ్ల పోయి అడిగిన. పెన్ను తీసి చీటీ కింద రాసిన్రు: గుడ్డు, చేప, పెద్దకూర. రేపు అది అచ్చుల రావాలె.