‘ఫాస్ట్’ అంటే ‘త్వరగా’ మాత్రమేనా?

 

కొన్నాళ్ల క్రితం ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత మా ఇంట దివ్య ఖుర్‌ఆన్ పఠనం సాగుతున్నది. ఎనిమిదవ తరగతి చదువుతున్న మా మనుమరాలు ఆంగ్లానువాదాన్ని చేతబట్టి మాతోపాటు కూర్చున్నది. ‘ఆలి ఇమ్రాన్’ సూరాలోని 103వ ఆయతు వద్దకు రాగానే ఆమె చదవడం ఆపి నా వైపు తిరిగింది. “నానాజాన్, అల్లాహ్ తన త్రాడును త్వరగా పట్టుకోమంటున్నాడా? ఆలస్యం చేస్తే అది మనకు దొరకదా?” అని అడిగింది.

ఆమె చూపిన చోట ‘హోల్డ్ ఫాస్ట్’ అనే మాటలున్నాయి. ప్రక్కనే ఉన్న ఆమె అన్న ఫక్కున నవ్వాడు. పిల్ల ముఖం చిన్నబుచ్చుకొని పుస్తకం మూసివేసింది. ఇక ఆ రాత్రి ఎంత బుజ్జగించినా తెరవలేదు.

ఆ నవ్వు నన్ను బాధించింది. పొరపాటు ఆమెది కాదని నాకు తెలుసు. మరునాడు ఆమె నోటు పుస్తకం చూశాను. ప్రాసపదాలు అనే శీర్షిక క్రింద నాలుగు మాటలు వరుసగా వ్రాసి ఉన్నాయి: ఫాస్ట్, లాస్ట్, పాస్ట్, కాస్ట్. వాటి ఎదుట అర్థాలు: త్వరగా, చివర, గతం, విసరు. ఒక మాటకు ఒకే అర్థం. ఆ అర్థాలలో తప్పేమీ లేదు. అయితే ఒక్కొక్క మాట వెనుక ఒక కుటుంబమే ఉండగా, మనం బిడ్డకు ఒక్క మనిషిని చూపించి ఊరుకున్నాము. ప్రాస వల్ల మాట చెవికి ఇంపుగా తగిలి జ్ఞాపకం ఉంటుంది. అర్థం మాత్రం ప్రాసలో ఉండదు, వాక్యంలో ఉంటుంది. ఆ సాయంత్రం మేమిద్దరం కూర్చుని ఆ నాలుగు మాటలనూ తిరిగి చదివాము. ఈ నెల మీతో పంచుకోదలచినది ఆ చదువే.

మొదటి మాట ‘ఫాస్ట్’. ప్రాచీన ఆంగ్లంలో దీని అసలు అర్థం వేగం కాదు, ‘గట్టి, స్థిరం, కదలనిది’. ఆ పాత అర్థం నేటికీ ఆంగ్లంలో సజీవంగా ఉన్నది. ‘ఫాస్ట్ కలర్’ అంటే ఎన్ని ఉతుకులకూ వెలిసిపోని గట్టి రంగు. ‘ఫాస్ట్ ఫ్రెండ్’ అంటే త్వరత్వరగా నడిచే మిత్రుడు కాదు, విడిపోని మిత్రుడు. ‘ఫాస్ట్ అస్లీప్’ అంటే గాఢ నిద్ర. సీటు బెల్టు బిగించుకోవడాన్ని ‘ఫాసెన్’ అనడం, కష్టాలలోనూ చలించని మనిషిని ‘స్టెడ్‌ఫాస్ట్’ అనడం ఈ మూలం నుండి వచ్చినవే.

మరి గట్టిదనం వేగంగా ఎలా మారింది? తెలుగువారికి దీనిని గ్రహించడం కష్టం కాదు. మనం ‘గట్టిగా పట్టుకో’ అంటాము, ‘గట్టిగా అరిచాడు’ అంటాము, ‘గట్టిగా ప్రయత్నించు’ అని కూడా అంటాము. బిగువును తెలిపే మాట క్రమంగా బలాన్నీ తీవ్రతనూ తెలిపే మాట అయింది. ఆంగ్లంలోనూ ఇదే జరిగింది. బలమంతా పెట్టి పరుగెత్తడం చివరకు వేగంగా పరుగెత్తడమైంది. నేడు వేగమనే అర్థమే పిల్లలకు ముందుగా పరిచయమవుతున్నది, తాతవంటి పాత అర్థం మూలన కూర్చున్నది.

ఇప్పుడు ఆయతును మరల చదవండి. విశ్వాసులందరూ కలసికట్టుగా అల్లాహ్ త్రాడును గట్టిగా పట్టుకోవాలనీ, చీలిపోరాదనీ అక్కడి ఆదేశం. అబ్దుల్లా యూసుఫ్ అలీ, మార్మడ్యూక్ పిక్తాల్ ఇద్దరూ తమ ఆంగ్లానువాదాలలో ఇక్కడ ‘హోల్డ్ ఫాస్ట్’ అనే మాటలనే వాడారు. పిక్తాల్ మన హైదరాబాదుకు పరాయివాడు కాదు. ఇస్లాం స్వీకరించిన ఆ ఆంగ్ల రచయిత నిజాం కొలువులో చేరి చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానాధ్యాపకుడుగా పనిచేశాడు. 1930లో వెలువడిన ఆయన అనువాదం పూర్తి కావడానికి నిజాం ప్రభుత్వం జీతంతో కూడిన సెలవు ఇచ్చి తోడ్పడింది. ఆ అనువాదకుల కాలపు ఆంగ్లాన్ని నేటి పాఠశాల ఆంగ్లంతో చదివితే ‘గట్టిగా’ కాస్తా ‘త్వరగా’ అయి కూర్చుంటుంది. త్వరగా పట్టుకున్నవాడు త్వరగా విడిచిపెట్టనూ వచ్చు. అల్లాహ్ కోరినది విడవని పట్టు. ఒక్క మాటకు అర్థం మారితే ఆదేశం స్వరూపమే మారిపోతుందని గమనించండి.

ఈ ‘ఫాస్ట్’ అనే మాటకే ‘ఉపవాసం’ అనే మరో అర్థం ఉన్నది. అది వేరే మాట కాదు, ఆ గట్టిదనం నుండి పుట్టినదే. తనను తాను బిగబట్టుకోవడం, నియమాన్ని విడువకుండా పాటించడం అని దాని మూలార్థం. అరబీలో ఉపవాసాన్ని ‘సౌమ్’ అంటారు. ఆ ధాతువుకు అర్థం ఆపుకోవడం, నిగ్రహించుకోవడం. ‘మర్యమ్’ సూరా 26వ ఆయతులో హజ్రత్ మర్యమ్ (అలైహస్సలామ్) పాటించిన ‘సౌమ్’ మాటల విషయంలో మౌనమే. ఎక్కడి అరబీ, ఎక్కడి ఆంగ్లం! రెండు భాషలూ ఉపవాసాన్ని ఆకలిగా చూడలేదు, పట్టుగా చూశాయి. అబద్ధాన్నీ అబద్ధపు నడవడినీ విడువనివాడు అన్నపానీయాలను విడిచినందువల్ల అల్లాహ్‌కు ఒరిగేదేమీ లేదన్న దైవప్రవక్త (స) బోధ మనకు తెలిసినదే. నాలుకపై పట్టు లేనివాడు కడుపు మాడ్చుకున్నా అది ‘ఫాస్ట్’ కాదన్నమాట.

మనం వాడే ‘రోజా’ ఫార్సీ నుండి వచ్చినది. పగలు, దినం అనే అర్థంగల ‘రోజ్’ దానికి మూలం. తెలుగువారు దినాన్ని ‘రోజు’ అనడం కూడా అక్కడి నుండి వచ్చినదే. అదే తెలుగులో ‘రోజా’ అంటే పువ్వు కూడా. “మా ఇంట అందరమూ రోజా” అంటే ప్రక్కింటి బిడ్డ పూలతోటను ఊహించుకుంటే అది ఆమె తప్పా?

ఒకే మాటకు ఉన్న రెండు నియమాలు తెలియకపోతే ఆరోగ్యానికే ముప్పు రావచ్చు. మా బంధువులలో ఒక వృద్ధురాలికి చక్కెర వ్యాధి. రక్తపరీక్షకు ‘ఫాస్టింగ్’లో రావాలని పరీక్షా కేంద్రంలో ఒక్క మాట చెప్పి పంపారు. జీవితమంతా రోజాలు పాటించిన ఆమెకు ఆ మాటకు తెలిసిన అర్థం ఒక్కటే. రాత్రి నుండి మంచినీరు కూడా ముట్టలేదు. వేసవికాలం. ఉదయం వరుసలో నిలుచుని కళ్లు తిరిగి కూలబడింది. ఆ పరీక్షకు సాధారణంగా కనీసం 8 గంటలు ఆహారం తీసుకోకుండా ఉంటే చాలు, మంచినీరు త్రాగవచ్చు. రోజాకు నీరు నిషిద్ధం. మాట ఒకటే, నియమాలు రెండు. ఇంటి పెద్దలకు వైద్యులు ఏది చెప్పినా “నీళ్లు త్రాగవచ్చునా? మందులు వేసుకోవచ్చునా?” అని మరో రెండు ప్రశ్నలు అడిగి రావడం పిల్లల బాధ్యత.

రెండవ మాట ‘లాస్ట్’. దీనికి ‘చివరి’ అని ఒక అర్థం, ‘గడచిన’ అని మరో అర్థం. ‘లాస్ట్ ఫ్రైడే’ అంటే మొన్న గడచిన శుక్రవారం. ‘ద లాస్ట్ ఫ్రైడే ఆఫ్ రమజాన్’ అంటే రమజాన్ చివరి శుక్రవారం, జుమఅతుల్ విదా. ‘ద’ అనే చిన్న మాట, వెనుక వచ్చిన నెల పేరు కలసి అర్థాన్ని మార్చివేశాయి. ఇదే మాట క్రియ అయితే ‘మన్నుట, నిలిచి ఉండుట’ అని అర్థం. ‘చివరి’ అనే లాస్ట్, ‘మన్నే’ లాస్ట్ వేర్వేరు మూలాల నుండి వచ్చి ఒకే రూపంలో కలిశాయి. చెప్పులు కుట్టేవారు తోలును బిగించి ఆకారం తెచ్చే పాదం అచ్చును కూడా ఆంగ్లంలో ‘లాస్ట్’ అనే అంటారు. ఇక్కడ తెలుగువారికి మరో చిక్కున్నది. ‘పోగొట్టుకున్నాను’ అనే అర్థంగల మాటను కూడా మనం ‘లాస్ట్’ అనే పలుకుతాము, అలాగే వ్రాస్తాము. ఆంగ్ల లిపిలో ఒకదానికి ‘ఏ’ అక్షరం, మరొకదానికి ‘ఓ’ అక్షరం. ఆ ఒక్క అక్షరం తేడాతో చివరి సొమ్ము పోయిన సొమ్ము అవుతుంది.

మూడవది ‘పాస్ట్’. గతం అని అర్థం. ‘దాటి’ అని కూడా అర్థం. ‘పాస్ట్ ద మాస్క్’ అంటే మస్జిదు దాటి ముందుకు వెళ్లాలని దారి చెప్పడం, మస్జిదు గతించినదని కాదు. ‘హాఫ్ పాస్ట్ టెన్’ అంటే పది దాటి అరగంట. ‘దాటాడు, ఉత్తీర్ణుడయ్యాడు’ అనే అర్థంగల మరో మాట కూడా సరిగ్గా ఇలాగే పలుకుతుంది. వ్రాసేటప్పుడు మాత్రం దానికి వేరే అక్షరాలు. చెవికి ఒకటే, కంటికి రెండు.

నాలుగవది ‘కాస్ట్’. వల విసరడం, ఓటు వేయడం, నీడ పడడం, నాటకంలోని పాత్రధారుల బృందం, విరిగిన ఎముకకు వేసే గట్టి కట్టు, కరిగించి అచ్చులో పోసిన లోహం: ఇవన్నీ ఈ ఒక్క మాటే. మనం పోత ఇనుము అనేదాన్ని ఆంగ్లంలో ‘కాస్ట్ ఐరన్’ అంటారు. దీని చివర ‘ఈ’ అక్షరం చేరితే పలుకు మారదు, అర్థం మాత్రం కులం అవుతుంది. ఆ మాట ఐరోపావారికి పోర్చుగీసు భాష నుండి వచ్చింది. ధర అనే అర్థంగల మాటను కూడా తెలుగులో ‘కాస్ట్’ అనే వ్రాస్తాము. దరఖాస్తులు నింపే పిల్లలు ఈ మూడింటి అక్షరాలనూ తారుమారు చేయడం తరచుగా చూస్తుంటాము. మనుమరాలికి అక్షరాలు నేర్పుతూ నేనొక మాట కూడా జోడించాను. దరఖాస్తులో కులమనే గడి ఉన్నా, అల్లాహ్ సమక్షంలో మనిషి ఘనతకు కొలమానం దైవభీతి ఒక్కటేనని ‘హుజురాత్’ సూరా 13వ ఆయతు చెబుతున్నది.

ఇంత విన్న తర్వాత ఆమె, “ఆంగ్లం ఎంత గజిబిజి భాష!” అన్నది. నేను ‘ఉమ్మత్’ అంటే ఏమిటని అడిగాను. “సముదాయం” అని వెంటనే చెప్పింది. ‘ఆలి ఇమ్రాన్’ 110వ ఆయతులో ఆ అర్థమే. అయితే ‘యూసుఫ్’ సూరా 45వ ఆయతులో అదే మాటకు ‘కొంత కాలం’ అని అర్థం. చెరసాల నుండి విడుదలైన వ్యక్తికి చాలాకాలం తర్వాత హజ్రత్ యూసుఫ్ (అలై) జ్ఞాపకం వచ్చిన సందర్భమది. ‘నహ్ల్’ సూరా 120వ ఆయతు హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) ఒక్కరినే ‘ఉమ్మత్’ అన్నది. అక్కడ ఆదర్శ నాయకుడని వ్యాఖ్యాతలు వివరించారు. ఇలాంటి పదాలను సందర్భాలవారీగా పరిశీలించడాన్ని మన పండితులు ఒక ప్రత్యేక శాస్త్రంగానే పెంచారు. హిజ్రీ 150లో మరణించిన ముఖాతిల్ బిన్ సులైమాన్ ఈ విషయంపై గ్రంథం రచించాడు. పలు అర్థాలుండడం భాషకు లోపం కాదు. సందర్భం చూడకుండా ఒకే అర్థాన్ని అంతటా అతికించడం చదువరి లోపం.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు ప్రాసపదాలను వల్లె వేస్తే వేయనివ్వండి, అది మంచి మెట్టే. కాని మాట ఎదుట అర్థం వ్రాయించి అక్కడితో ఆపవద్దు. ప్రతి మాటకూ కనీసం మూడు వాక్యాలు వ్రాయించండి. కొత్తచోట ఆ మాట ఎదురైతే, దాని ముందూ వెనుకా ఏ మాటలున్నాయో చూసి అర్థం నిర్ణయించే అలవాటు చేయండి. దివ్య గ్రంథపు అనువాదం చదివేటప్పుడు అనుమానం వస్తే మరో అనువాదంతో సరిచూడమనండి, తెలిసినవారిని అడగమనండి. అన్నిటికంటె ముఖ్యంగా, అడిగిన బిడ్డను చూసి నవ్వవద్దు. ఒక్క నవ్వుతో మూసుకున్న పుస్తకం మరల తెరుచుకోవడానికి మా ఇంట నాలుగు రోజులు పట్టింది.

అయిదవ రోజు ఇషా తర్వాత మనుమరాలు తానే వచ్చి కూర్చున్నది. ఈసారి ఆయతు చదివి, “అందరూ కలసి గట్టిగా పట్టుకోండి” అని తెలుగులో చెప్పింది. ఆమె అన్న తల వంచుకొని, “నాకూ ఆ అర్థం తెలియదు. ‘త్వరగా’ అన్నావని మాత్రమే నవ్వాను” అని ఒప్పుకున్నాడు. ఆ రాత్రి ఇద్దరూ ఒకే పుస్తకంలో చదివారు.

తన త్రాడును గట్టిగా పట్టుకునే భాగ్యాన్నీ, తన వాక్కును సరిగా అర్థం చేసుకునే వివేకాన్నీ అల్లాహ్ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.