600 ఎంఎం లేకపోతే అడవి ఫోటోలు రావా?

“600 ఎంఎం లేకపోతే పోచారం పోయి ఏం లాభం?” లింగంపేట, ఎల్లారెడ్డి వైపు పెళ్ళిళ్ళు తీసే స్టూడియో కుర్రాళ్ళకు పిట్టల మీద, జంతువుల మీద మనసు పడగానే చెవిన పడే మొదటి మాట ఇది. లెన్సులు అమ్మేవాళ్ళు ఇదే అంటారు. ఇప్పటికే కొనుక్కుని భుజాన వేసుకు తిరిగేవాళ్ళూ ఇదే అంటారు. ఈ మాట తప్పు. లక్షకు అటూ ఇటూ పలికే వస్తువును ఒక్క అంకె చూపించి అంటగట్టే మాట ఇది. కిస్తీల మీద కొన్నవాడు అవి తీరకముందే అయినకాడికి అమ్ముకునే పరిస్థితి తెచ్చే మాట. కాబట్టి మొహమాటం లేకుండా ఖండించాలి.

ముందు లెక్క చూద్దాం. సెన్సర్ మీద పిట్ట బొమ్మ ఎంత పెద్దగా పడుతుందో తేల్చేవి రెండే: లెన్స్ ఫోకల్ లెంగ్త్, పిట్టకూ మనకూ మధ్య దూరం. పాలపిట్ట పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. అది 60 మీటర్ల అవతల కరెంటు తీగ మీద కూర్చుంటే 400 ఎంఎం లెన్స్‌తో పడే బొమ్మ 2 మిల్లీమీటర్లు. 600 అయితే 3 మిల్లీమీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లని గుర్తుంచుకుంటే, ఆ అదనపు 200 కోసం పోసిన డబ్బుకు దక్కింది ఎంతో తెలుస్తుంది. ఒక్క మిల్లీమీటరు. అదే 400 పట్టుకుని చేనుగట్టు వెంబడి నిదానంగా 30 మీటర్ల దగ్గరికి చేరితే 4 మిల్లీమీటర్లు, 20 మీటర్లకు చేరితే 6. నడకకు ఖర్చు లేదు, ఓపిక కావాలి.

పోచారంలో ఈ లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. 1916-22 మధ్య నిజాం ప్రభుత్వం కట్టించిన ఈ ప్రాజెక్టు పక్క అడవి ఒకప్పుడు నిజాం వేటస్థలం. 1952లో అభయారణ్యం అయింది, దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. చలికాలంలో హిమాలయాలు దాటి, తల మీద రెండు నల్లపట్టీలున్న పెద్దబాతులు ఇక్కడికి వస్తాయి. నీళ్ళు విశాలం, పిట్టలకు మనుషులంటే బెరుకు. కట్ట మీద నుంచి చూస్తే ఆ బాతులు 300 మీటర్ల అవతల ఉండొచ్చు. ముప్పావు మీటరు పొడవున్న బాతు అంత దూరం నుంచి 600 లెన్స్‌లో ఒకటిన్నర మిల్లీమీటర్లు, 400లో ఒక మిల్లీమీటరు. రెండూ ఓడిపోయినట్టే.

పైగా మధ్యలో గాలి ఉంది. తొమ్మిది దాటాక ఎండకు నేల వేడెక్కి, వేడిగాలి పొరలు పొరలుగా లేచి, దూరపు వస్తువు అంచులన్నీ వణుకుతుంటాయి. ఎండాకాలం తారురోడ్డు మీద నీళ్ళున్నట్టు కనబడే సంగతి అందరికీ తెలుసు. దాని వెనకున్నదీ ఈ వేడిగాలే. ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఆ వణుకును కూడా పెద్దది చేసి చూపిస్తుందే తప్ప తీసెయ్యదు. ఫోకస్ కూడా దానితో పాటే ఊగుతుంది. “నా లెన్స్ షార్ప్‌గా లేదు, సర్వీసుకి ఇవ్వాలి” అని వచ్చేవాళ్ళలో చాలామంది పదకొండు గంటల ఎండలో చెరువు ఆ చివరి నుంచి ఈ చివరికి తీసినవాళ్ళే. అదే లెన్స్‌తో పొద్దున ఆరున్నరకు, పాతిక మీటర్ల లోపు తియ్యమనండి. లోపం ఎక్కడుందో తేలిపోతుంది.

దగ్గరికి వెళ్ళమంటే వెంటపడి తరమమని కాదు. లింగంపేట వైపు చెరువుల దగ్గర బర్రెల వెంట తిరిగే తెల్లకొంగలను చూడండి. బర్రె గడ్డి మేస్తూ అడుగు వేస్తే మిడత ఎగురుతుంది, కొంగ దాన్ని అందుకుంటుంది. ఆ పనిలో మునిగిన కొంగ, కదలకుండా కూర్చున్న మనిషిని పదిమీటర్ల దాకా ఓర్చుకుంటుంది. అర మీటరు కొంగ ఆ దూరంలో 250 ఎంఎంతోనే 12 మిల్లీమీటర్లు దాటుతుంది. కెనాన్ క్రాప్ సెన్సర్ ఎత్తు 15 మిల్లీమీటర్లు. అంటే ఫ్రేమ్ దాదాపు నిండినట్టే. కిట్‌తో పాటు వచ్చి, ఇంట్లో బీరువాలో పడి ఉండే 55-250 లెన్స్ ఈ పని చేస్తుంది. తీగ మీద పాలపిట్ట, వాగు ఒడ్డున లకుముకి పిట్ట వేటాడాక తరచూ కూర్చున్న చోటికే తిరిగి వస్తాయి. ఆ చోటు కనిపెట్టి ముందే వెళ్ళి కూర్చుంటే దూరం సగానికి సగం తగ్గుతుంది.

పొడవాటి లెన్స్ అసలు అక్కర్లేదని నేను అనడం లేదు. గూడు మీద ఉన్న పిట్ట దగ్గరికి పోకూడదు, అక్కడ దూరమే ధర్మం. చిరుతపులి, ఎలుగుబంటి విషయంలో చెప్పనే అక్కర్లేదు. అభయారణ్యం లోపల ఫోటోగ్రఫీకి అనుమతి తీసుకోవాలని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ చెబుతోంది. అనుమతి తీసుకుని వెళ్ళాక మన ఇష్టం వచ్చినంత దగ్గరికి పోలేం. అలాంటి చోట 600కి విలువ ఉంది. కానీ ఇవాళ మొదలుపెట్టే కుర్రాడు తీసేది గూళ్ళూ చిరుతలూ కాదు. మక్కచేలో నెమలిని, అడవి అంచున మనుబోతును, చెరువులో నత్తగుల్ల కొంగను తీస్తాడు.

రెండో పొరపాటు వెలుతురు దగ్గర. దసరా సాయంత్రం పాలపిట్టను చూడటం మనకు ఆనవాయితీ, మన రాష్ట్ర పక్షి కూడా అదే. కూర్చున్నప్పుడు దాని రొమ్ము మసక గోధుమరంగు, పెద్దగా కంటికి ఆనదు. ఎగరడానికి రెక్క విప్పిన క్షణాన ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా బయటపడతాయి. అందరికీ కావలసింది ఆ క్షణమే. ఆ రెక్క కదలకుండా పడాలంటే షట్టర్ సెకనులో రెండువేలవ వంతు ఉండాలి. 150-600 తరహా జూమ్‌లు చివరికొచ్చేసరికి ఎఫ్/6.3. పొద్దు చెట్ల వెనక్కి దిగాక ఆ షట్టర్‌కు ఐఎస్ఓ 8000 అడిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అప్పుడు ఆ రెండు నీలాలూ గరుకు గరుకుగా, ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు వస్తాయి.

దీనికి వెంటనే వచ్చే జవాబు: “వీఆర్ ఉంది కదా, చీకట్లో కూడా వస్తుంది.” రాదు. నికాన్ వీఆర్ అన్నా, కెనాన్ ఐఎస్ అన్నా, సోనీ ఓఎస్ఎస్ అన్నా, టామ్రాన్ వీసీ అన్నా చేసేది ఒకే పని. మన చేతి వణుకును సర్దుతుంది. పిట్ట రెక్క కదలికను అది ఆపలేదు, కబడ్డీ ఆటగాడి కాలునూ ఆపలేదు. కూర్చుని ఉన్న గుడ్లగూబను సెకనులో అరవయ్యో వంతుతో తీయడానికి అది గొప్ప సాయం. ఎగిరే దానికి కావలసింది షట్టర్, షట్టర్‌కు కావలసింది వెలుతురు. వీఆర్ చేసే పనినీ షట్టర్ చేసే పనినీ ఒకటిగా కలిపేసి అమ్మడం మానుకోవాలి.

కబడ్డీ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. అడవికీ ఆటకూ ఒకే లెన్స్ చాలంటారు. రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద కోర్టు పక్కన కూర్చుంటే ఆటగాడు పదిమీటర్లలో ఉంటాడు. అక్కడ 70-200 ఎఫ్/2.8తో ఐఎస్ఓ 3200కు వచ్చే ఫోటో, అదే షట్టర్‌తో ఎఫ్/6.3 లెన్స్‌లో 16000 అడుగుతుంది. అంటే అయిదు రెట్లు. పైగా 200 దగ్గర మొదలయ్యే లెన్స్ అయితే రైడర్‌ను పట్టుకునే నలుగురూ ఫ్రేమ్‌లో పట్టరు, ఒకరిద్దరే వస్తారు.

మరి 70-200కే 2ఎక్స్ కన్వర్టర్ తగిలిస్తే? ఎఫ్/2.8 కాస్తా ఎఫ్/5.6 అవుతుంది, ఫోకస్ వేగం తగ్గుతుంది, అంచులు మెత్తబడతాయి. ఎప్పుడో ఒకసారి అవసరానికి సరే, రోజూ పిట్టలు తీసేవాడికి అది దారి కాదు.

“3000 ఎంఎం” అని పెట్టె మీద కనబడే నికాన్ పి1000 సంగతి కూడా స్పష్టంగా ఉండాలి. 2018లో వచ్చిన ఆ కెమెరా లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ చివర్లో 539 ఎంఎం, అక్కడ ఎఫ్/8. వేలి గోరంత సెన్సర్ చిన్న ముక్కనే కోసి చూపిస్తుంది కాబట్టి 3000 అన్న అంకె వచ్చింది. చంద్రుణ్ణి తీయడానికి, దూరపు పిట్ట ఏదో గుర్తుపట్టడానికి బాగా పనికొస్తుంది. ఎగిరే దాన్ని పట్టాలంటే దాని ఫోకస్ అందుకోలేదు.

నన్నడిగితే మొదటి లెన్స్‌గా 100-400 తరహాదే తీసుకోమంటాను. నికాన్, సోనీ క్రాప్ కెమెరాల్లో చుట్టూ ఒకటిన్నర రెట్లు కత్తిరింపు పడుతుంది కాబట్టి 400తోనే ఫుల్‌ఫ్రేమ్‌లో 600 చూపించేంత ఇరుకైన చూపు వస్తుంది. ఇంక ఆ అంకె కోసం వెంపర్లాట ఎందుకు? 2014లో వచ్చిన కెనాన్ 100-400 రెండో రకం మీటరు లోపు దూరంలో కూడా ఫోకస్ అవుతుంది. గట్టు మీద తొండ, తామరాకు మీద తూనీగ కూడా తీయొచ్చు. సిగ్మా 150-600 కాంటెంపరరీకి 2.8 మీటర్ల దూరానికి వెనక్కి జరగాలి. ఆ సిగ్మా దాదాపు రెండు కిలోలు, దాని అన్న స్పోర్ట్స్ 2860 గ్రాములు. పొద్దున్నుంచి మెడకు వేలాడదీసుకుని తిరిగేవాడి చెయ్యి, అసలు సమయానికి పైకి లేవదు. రోడ్డు మీద బండిలో నుంచే తీసేవాళ్ళకు, స్టాండ్ పెట్టుకుని ఒకేచోట కూర్చునేవాళ్ళకు ఈ బరువు పెద్ద అడ్డు కాదు. వాళ్ళు నికాన్ 200-500 ఎఫ్/5.6నో, జూమ్ చేసినా పొడవు మారని సోనీ 200-600నో నిక్షేపంగా తీసుకోవచ్చు. 150-600 కొన్నవాళ్ళు కూడా చివరి దాకా లాగకుండా 500 దగ్గర ఆగి, వెలుతురుంటే ఎఫ్/8కు మూసి చూడండి. ఈ తరహా జూమ్‌లు చాలావరకు ఆ చివరి వందలో కాస్త మెత్తబడతాయి.

ఏది కొన్నా, డబ్బు కట్టకముందు ఒకరోజు అద్దెకు తెచ్చుకోండి. హైదరాబాద్‌లో అద్దెకిచ్చే షాపులున్నాయి. షాపు గుమ్మంలో నిలబడి ఎదురు బోర్డు తీసి చూస్తే ఏమీ తెలియదు. మీ కెమెరాకే తగిలించి, సాయంత్రం అయిదున్నరకు మీ ఊరి చెరువు దగ్గర, మీరు మామూలుగా నిలబడే చోటు నుంచే, ఎగిరే కొంగను తీయండి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో నూరు శాతానికి పెంచి చూడండి. కొంగ కన్ను చుట్టూ ఈకలు విడివిడిగా కనబడితే కొనండి. కనబడకపోతే, లెన్స్ మీద ఏ అంకె రాసి ఉన్నా, తిరిగి ఇచ్చేయండి.