మందును పరీక్షించడం అవిశ్వాసమా?

2021 మే నెలలో కోటకు ఉత్తరాన తీరం వెంబడి ఉన్న కృష్ణపట్నానికి జనం పోటెత్తారు. బోణిగి ఆనందయ్య తేనె, నల్ల జీలకర్ర, తోక మిరియాలు వంటివాటితో చేసిన మందును కరోనాకు ఉచితంగా పంచుతున్నారని తెలిసి, మే 21న వేలాదిమంది వచ్చి పడ్డారు. పంపిణీ ఆగిపోయింది. అంబులెన్సుల్లో వచ్చిన రోగులూ ఉన్నారు. ఆసుపత్రిలో పడక దొరకని రోజులవి. వారిని మూఢులనడానికి మాకు నోరు రాలేదు. పన్నెండేళ్లు వైద్యుల చుట్టూ తిరిగి, ఉన్నదంతా ఖర్చుచేసి, చివరికి గుంపులో దూరి యేసుప్రభువు వస్త్రాన్ని ముట్టిన స్త్రీయే (మార్కు 5) కళ్లముందు మెదిలింది.

అప్పుడు మా సంఘంలో రెండు మాటలు వినబడ్డాయి. ప్రార్థన ఉండగా మందెందుకని కొందరన్నారు. దీనికి జవాబు తేలికే. హిజ్కియాకు మరో పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాట ఇచ్చిన తర్వాత కూడా, యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు వేయించాడు (2 రాజులు 20). ‘అయ్యగారూ, ఆ మందు గురించి మీరు ఒక మాట చెబితే అందరం పోతాం’ అని మరికొందరు అడిగారు. మేము తప్పటడుగు వేసింది ఇక్కడే. కంట్లో చుక్కలు వేయగానే లేచి కూర్చున్నానని ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చెప్పిన వీడియోను, ‘దేవునికి స్తోత్రం’ అని రాసి సంఘస్థులందరికీ పంపాం. ఆ నెలాఖరుకే ఆయన నెల్లూరులో కన్నుమూశారు. మేము పంపిన వీడియో మాత్రం ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

మే 31న రాష్ట్ర ప్రభుత్వం, కంటి చుక్కలు తప్ప మిగతా మందులకు అనుమతినిచ్చింది. వాటివల్ల హాని కనబడలేదనీ, అయితే కరోనాను తగ్గిస్తాయనడానికి ఆధారం లేదనీ, డాక్టర్లు రాసిన మందులు మానవద్దనీ చెప్పింది. మనవాళ్ల చెవిన పడింది ‘అనుమతి’ అన్న ఒక్క మాటే.

లేచినవాడు సాక్ష్యం చెబుతాడు. లేవనివాడి సాక్ష్యం ఎవరు చెబుతారు? కరోనా సోకినవారిలో ఎక్కువమంది ఏ మందూ లేకుండానే కోలుకునేవారు. కాబట్టి మందు పుచ్చుకున్నవారినీ పుచ్చుకోనివారినీ పక్కపక్కన పెట్టి చూడాలి. దానియేలు అడిగింది ఇదే గదా! తమకు పది దినాలు శాకధాన్యాలు, నీళ్లు ఇచ్చి, రాజభోజనం తినేవారి ముఖాలతో తమ ముఖాలను పోల్చి చూడమన్నాడు (దానియేలు 1). దేవునిమీద నమ్మకం లేక అడిగాడా?

బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ‘రికవరీ’ పరిశోధనలోనూ జరిగింది ఈ పోలికే. డెక్సామెథసోన్ అనే పాత, చౌక మందును 2,104 మందికి ఇచ్చి, ఇవ్వని 4,321 మందితో పోల్చారు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు సుమారు మూడోవంతు తగ్గాయని 2020 జూన్‌లో తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు కనబడలేదు. ఎంతో పేరు మోగిన హైడ్రాక్సీక్లోరోక్విన్ అదే పరిశోధనలో తేలిపోయింది. ప్లాస్మా చికిత్సను మన ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మందిపై పరీక్షించి, ఫలితం లేదని 2020లోనే చెప్పింది. అయినా చికిత్సా సూచనల నుంచి దాన్ని తీసేసింది 2021 మేలో. ఆ మధ్యకాలంలో ప్లాస్మా దాతల కోసం ఎన్ని కుటుంబాలు పరుగులు తీశాయో! రెమ్డెసివిర్ కథ ఇంకా బాధాకరం. ఆసుపత్రుల్లోని రోగులకు దాన్ని వాడవద్దని 2020 నవంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. ఆర్నెల్లకు మన ఊళ్లలో నగలు కుదువబెట్టి దాన్ని బ్లాకులో కొన్నారు. కొందరు రోగులకు ఉపయోగమేనని 2022లో ఆ సంస్థే సలహా మార్చుకుంది. మారడం తప్పు కాదు. నాటుమందుకొక న్యాయం, కంపెనీ మందుకొక న్యాయం ఉండకూడదనే మా మాట.

రోగియైన త్రోఫిమును మిలేతులో విడిచి వచ్చానని పౌలు దాచకుండా రాశాడు (2 తిమోతి 4:20). మా సంఘంలో ఇప్పుడు సాక్ష్యాల సమయంలో స్వస్థత కలిగినవారి కోసం స్తుతించి, మంచాన ఉన్నవారి పేర్లూ చదువుతున్నాం. ఎవరైనా మందు పేరు చెప్పబోతే ఆపి, డాక్టరును అడగమంటున్నాం. కొందరికి మామీద కోపంగానే ఉంది.