తేదీ ఒక్కచోటే రాద్దాం: మన స్లయిడ్లు మనం కోడ్‌తో ఎందుకు చేసుకోవాలి

పోస్ట్ కొంచెం పెద్దగైంది. అయినా చివరిదాకా చదవమని అడుగుతున్న. చదివినాక తిట్టినా పర్లేదు.

ముందు జరిగింది చెప్త. పోయిన ఏడాది మా హాస్టల్ పిల్లలం నలుగురం కలిసి మేళ్లచెరువు చుట్టుపక్కల తండాల్లో చూపెట్టడానికి స్కాలర్‌షిప్ మీద స్లయిడ్లు చేసినం. మొత్తం 42. మీసేవలో కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఎట్ల తీసుకోవాలి, ఈ-పాస్‌లో దరఖాస్తు ఎట్ల పెట్టాలి, కాలేజీలో ఏ కాగితాలు ఇవ్వాలి, వేలిముద్ర ఎప్పుడు వేయాలి, అన్నీ పెట్టినం. కొత్తగా చేసే టైం లేక అంతకు ముందు ఏడాది సీనియర్లు చేసిన ఫైల్ మీదనే మార్పులు చేసినం. చివరి తేదీ అందులో ఐదు చోట్ల ఉంది. నాలుగు చోట్ల మార్చినం. ఐదోది 37వ స్లయిడ్‌లో ఓ మూలకు చిన్న అక్షరాల్లో ఉంది, అది పాతదే మిగిలిపోయింది. ఆ పాత తేదీ కొత్తదానికంటే మూడు వారాలు తర్వాతది.

ఒక చెల్లెలు సరిగ్గా ఆ స్లయిడ్‌నే ఫోన్‌లో ఫొటో తీసుకుంది. ఆ తేదీని నమ్ముకొని, ఇంకా టైం ఉందనుకొని, పత్తి ఏరే పనికి పోయింది. వచ్చేసరికి గడువు అయిపోయింది. ఆ ఏడాది ఫీజు వాళ్ల నాయన వడ్డీకి తెచ్చి కట్టిండు. ఇందులో ఏ ఆఫీసు తప్పు లేదు. తప్పు మాదే. నలుగురం చదువుకున్నోళ్లం కూర్చొని చేసిన తప్పు.

చాలా రోజులు దాని గురించే ఆలోచించిన. మేం సోమరితనం చేసినమా అంటే, లేదు. రాత్రి 1 దాకా కూర్చున్నం. అసలు లోపం మేం పని చేసిన పద్ధతిలో ఉంది. మామూలుగా మనం చేసే స్లయిడ్లు 42 వేర్వేరు కాగితాల లెక్క. ఒకే మాట ఐదు కాగితాల మీద రాస్తే, మార్చాల్సి వచ్చినప్పుడు ఐదు సార్లు గుర్తుండాలి. మనిషికి నాలుగు సార్లే గుర్తుంటది.

అందుకే నా అభిప్రాయం ఇది: మన యూత్ తండాల్లో చూపెట్టే స్లయిడ్లు ఇక నుంచి కోడ్‌తో చేయాలి. అందులోనూ ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషతో చేయాలి. ఎందుకో చెప్త.

ఫంక్షన్ అంటే భయపడకండి. ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ 1ఎ మొదటి పాఠమే ప్రమేయాలు. లోపలికి ఒకటి ఇస్తే బయటికి ఒకటి వస్తది, అదే ఇస్తే మళ్లీ అదే వస్తది. ఇవాళ ఒకటి, రేపు ఒకటి రాదు. ఈ ప్రమేయాల మీదనే కట్టిన భాషలను ఫంక్షనల్ భాషలంటరు. లిస్ప్, హాస్కెల్, ఎర్లాంగ్, ఓకామెల్ ఇట్ల చాలా ఉన్నయి. మనం రోజూ వాడే వాట్సాప్ సర్వర్లు ఎర్లాంగ్‌తో కట్టినవే.

నేను నేర్చుకుంటున్నది రాకెట్. శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్ కాదు, ఆ పేరున్న భాష. 1975లో అమెరికాలో ఎంఐటీలో పుట్టిన స్కీమ్ అనే భాష వంశం. 2010 దాకా దీని పేరు పీఎల్‌టీ స్కీమ్, ఆ తర్వాత రాకెట్ అని మార్చిన్రు. పూర్తిగా ఉచితం. విండోస్‌లో, లినక్స్‌లో నడుస్తది. దీంట్లో స్లయిడ్‌షో అనే భాగం ఉంది. రాబర్ట్ ఫిండ్లర్, మాథ్యూ ఫ్లాట్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు దాని గురించి 2004లో ఒక పరిశోధన పత్రం రాసిన్రు. వాళ్లు చెప్పిందాంట్లో నాకు అర్థమైంది ఇంత: బొమ్మ అనేది కూడా ఒక విలువే, 5 లాగా, 10 లాగా. అంకెలను కూడినట్టు బొమ్మలను కూడొచ్చు. నిలువుగా పేర్చడానికి ఒక ఫంక్షన్, పక్కపక్కన పెట్టడానికి ఒకటి, ఒకదాని మీద ఒకటి పెట్టడానికి ఇంకొకటి. చిన్న బొమ్మలు కలిస్తే పెద్ద బొమ్మ, అది నిండితే స్లయిడ్.

ఇందులో చివరి తేదీని ఫైల్ పైభాగంలో ఒక్కసారి రాస్తం, దానికి ఒక పేరు పెడతం. కింద ఎక్కడ కావాలన్నా తేదీ రాయం, ఆ పేరు రాస్తం. ఐదు స్లయిడ్లలో వచ్చినా, యాభైలో వచ్చినా, మార్చేది ఒక్క వరుసే. మా 37వ స్లయిడ్ తప్పు ఈ పద్ధతిలో జరిగేది కాదు.

ఇక కదలిక సంగతి. యానిమేషన్ అంటే మనకు గుర్తొచ్చేది అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చి పడటం. అది నాకు కూడా ఇష్టం లేదు. ఫంక్షనల్ భాషలో యానిమేషన్‌కు అర్థం వేరే. అది కూడా ఒక ఫంక్షన్. దానికి 0 నుంచి 1 మధ్యలో ఒక అంకె ఇస్తే, ఆ క్షణానికి బొమ్మ ఎట్లుండాలో అది ఇస్తది. తీజ్ బుట్టలో గోధుమ మొలక గీయాలనుకోండి.

(మొలక 0)
(మొలక 0.5)
(మొలక 1)

మొదటిదానికి మట్టి, గింజ మాత్రమే. రెండోదానికి సగం లేచిన మొలక. మూడోదానికి తొమ్మిదో రోజు తండా ఆడపిల్లలు నెత్తిన పెట్టుకొని పోయేంత పచ్చటి మొలక. మనం రాసేది మొలక పొడవు ఆ అంకెను బట్టి ఎట్ల పెరగాలన్న ఒక్క నియమమే. మధ్యలో బొమ్మలన్నీ కంప్యూటరే ఆ అంకెను కొంచెం కొంచెం పెంచుకుంటూ గీసుకుంటది. ఈ ఆలోచన కొత్తది కూడా కాదు. కోనల్ ఇలియట్, పాల్ హుడాక్ అనే ఇద్దరు 1997లోనే హాస్కెల్ భాషలో, కదిలే బొమ్మ అంటే కాలానికి ఫంక్షన్ అని చూపెట్టిన్రు.

"ఇదంతా తండాకు ఎందుకురా?" అని ఒక అన్న అడిగిండు. సరైన ప్రశ్న. దానికి జవాబు మా యాడి దగ్గర దొరికింది. పాత స్లయిడ్‌లో నాలుగు డబ్బాలు గీసి, మధ్యలో బాణాలు పెట్టినం: మీసేవ, కాలేజీ, వెల్ఫేర్ ఆఫీసు, బ్యాంకు. మా యాడి చూసి తలూపింది. ఏం అర్థమైందని అడిగితే, "నాలుగు ఇండ్లు" అన్నది. ఆమె బడికి పోలేదు. బాణం అంటే "ఇక్కడి నుంచి అక్కడికి" అని మనకు బడిలో ఎవరో నేర్పిన్రు, ఆమెకు ఎవరూ నేర్పలేదు.

మొన్న దసరా సెలవుల్లో అదే బొమ్మను రాకెట్‌లో చేసి చూపెట్టిన. ఒక కాగితం మొదటి ఇంటి నుంచి బయలుదేరి మెల్లగా రెండో ఇంటికి పోతది. అక్కడ వేలిముద్ర పడకపోతే ఆగిపోతది. యాడి వెంటనే అడిగింది: "ఈడ ఎందుకు ఆగింది?" ఎస్టీ విద్యార్థులు వేలమంది అడగాల్సిన ప్రశ్న అది. చదువు రాని మనిషి దాన్ని పది సెకన్లలో అడిగింది. చదువుకున్నోళ్లకు కదలిక అలంకారం కావచ్చు, చదువు రానోళ్లకు అదే అక్షరం.

ఇంకో లాభం. ఆ కాగితం ఎక్కడ ఆగాలన్నది కూడా ఫంక్షన్‌కు ఇచ్చే విలువే. ఆదాయం సర్టిఫికెట్ లేనోళ్లకు ఒకచోట ఆగుతది, బ్యాంకు ఖాతాకు ఆధార్ కలపనోళ్లకు ఇంకోచోట ఆగుతది. బొమ్మ మళ్లీ గీయాల్సిన పని లేదు. ఒక్క ఫంక్షన్, లోపలికి ఇచ్చేది మారుతది, అంతే.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్నలు.

"పవర్‌పాయింట్‌లో కూడా యానిమేషన్ ఉంది కదా?" ఉంది. పుట్టినరోజు కార్డు చేయాలన్నా, రేపు పొద్దున సెమినార్ ఉన్నా నేనూ దాంట్లోనే చేస్త. ఒక్కసారి వాడి పడేసేదానికి అదే సులువు. కానీ ప్రతి ఏడాది మారేది, ప్రతి తండాకు కొంచెం కొంచెం వేరేగా ఉండేది, తప్పు పడితే ఒకరి ఏడాది చదువు పోయేది మాత్రం చేత్తో చేయొద్దు అంటున్న.

"ఉద్యోగాలకు జావా, పైథాన్ కావాలి కదా?" కావాలి. పైథాన్‌లో కూడా గ్రాంట్ శాండర్సన్ అనే ఆయన మొదలుపెట్టిన మానిమ్ ఉంది, మ్యాథ్స్ వీడియోలు దాంతోనే చేస్తడు. అది వచ్చినోళ్లు దాంతో చేయండి, నాకు సంతోషమే. కానీ ఫంక్షనల్ పద్ధతి నేర్చుకుంటే వేస్ట్ కాదు. జావాలో కూడా 2014లో 8వ వెర్షన్ నుంచి లాంబ్డాలు వచ్చినయి. మాకు ల్యాబ్‌లో అవి చెప్పినప్పుడు నాకు ముందే తెలిసినట్టు అనిపించింది. క్లాసులో నాకు అట్ల అనిపించడం అదే మొదటిసారి.

"మనకు ఇంగ్లీష్ రాదు." నాకూ అంతంతే. రాకెట్‌లో మనం పెట్టుకునే పేర్లు తెలుగు అక్షరాల్లో ఉండొచ్చు. మొలక, బుట్ట, చివరి-తేదీ, ఇవన్నీ కంప్యూటర్‌కు ఒప్పుకోలే. మన గోర్ బోలికి సొంత లిపి లేకపోయినా, ఇక్కడ మనం తెలుగు లిపిలో రాసుకుంటం కాబట్టి ఆ మాటలు కూడా పేర్లుగా పెట్టొచ్చు. యాడి అనే పేరుతో ఒక ఫంక్షన్ నడుస్తుంటే చూడటం వేరే సంగతి. కానీ అబద్ధం చెప్పను: తప్పు చేస్తే వచ్చే ఎర్రర్ మెసేజ్‌లు ఇంగ్లీషులోనే ఉంటయి. బ్రాకెట్లు ఎక్కువ, మొదటి వారం కండ్లు తిరుగుతయి. తెలుగు ఫాంట్ సరిగ్గా ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోవచ్చు, ముందే చూసుకోవాలి. మల్లన్న, మండలి లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతయి.

"ల్యాప్‌టాప్ ఎక్కడిది?" నాకూ లేదు. కాలేజీ ల్యాబ్‌లో, అది కూడా సర్ పర్మిషన్ ఇచ్చినప్పుడు చేస్తున్న. ఇందులో మంచేంటంటే, ప్రోగ్రామ్ అంటే మామూలు అక్షరాల ఫైల్. ఫొటోలు నింపిన పీపీటీ లాగా బరువుండదు, నెట్ సరిగ్గా రాని తండాలో కూడా ఫోన్‌కు పోతది. ఫోన్‌లోనే చదివి "ఈ వరుస తప్పు" అని చెప్పొచ్చు. నడిపించడానికి మాత్రం ఒక కంప్యూటర్ కావాలి. పదిమందికి ఒకటి చాలు. పీడీఎఫ్ తీస్తే కదలిక పోతది కాబట్టి, తండాలకు పంపేటప్పుడు స్క్రీన్ రికార్డ్ చేసి వీడియోగా పంపుదాం.

ఒక సంగతి దాచొద్దు. కోడ్‌తో చేస్తే తప్పులు రావని కాదు. పైన తేదీ తప్పు రాస్తే ఐదు చోట్లా తప్పే వస్తది. కానీ అప్పుడు చూడాల్సింది ఒక్క వరుసే. 42 స్లయిడ్లు జాగ్రత్తగా చూడమని ఎవరినీ అడగలేం. ఒక్క వరుసను ఇద్దరు చూడమని అడగొచ్చు.

మన ఆడోళ్ల కుట్టుపని గుర్తు తెచ్చుకోండి. పేటియా అంచుకు అద్దం, దాని చుట్టూ కుట్టు, పక్కన గవ్వ, మళ్లీ అద్దం. అంచు పొడవు పెరిగితే కొత్త డిజైన్ వెతకరు, అదే నియమాన్ని ఇంకా ముందుకు నడిపిస్తరు. మా యాడికి ప్రోగ్రామింగ్ వచ్చని గొప్పలు చెప్పడం లేదు. ఒక నియమాన్ని పట్టుకొని పెద్ద పని చేయడం మన ఇండ్లలో కొత్త కాదని మాత్రం చెప్తున్న. "ఇది మన వల్ల కాదు" అని మొదలే అనుకోకండి.

నేను అడిగేది మూడే.

ఒకటి, ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి లోపల స్కాలర్‌షిప్ స్లయిడ్ల ఫైల్ ఒకటి రాకెట్‌లో తయారు చేద్దాం. మొత్తం 42 వద్దు, 12 చాలు.

రెండు, ప్రతి తండా నుంచి ఒకరు మూడు మాటలు పంపండి: తండా పేరు, దగ్గరున్న మీసేవ, సాయం అడగడానికి ఒక మనిషి. మనిషి నంబర్ ఇక్కడ గ్రూపులో పెట్టొద్దు, విడిగా పంపండి. మిగతాది ఫంక్షన్ చూసుకుంటది.

మూడు, తేదీ ఉన్న ఆ ఒక్క వరుసను ప్రతిసారి ఇద్దరు, అధికారికంగా వచ్చిన నోటీసుతో పక్కపక్కన పెట్టి చూడాలి. ఇద్దరూ సరే అన్నాకనే తండాకు పోవాలి.

ఆ ఇద్దరిలో ఒకరు ఖాయమైన్రు. పోయిన ఏడాది మా తప్పు వల్ల నష్టపోయిన చెల్లెలే. నేను అడగలేదు, సిగ్గుతో అడగలేకపోయిన. ఆమెనే ఫోన్ చేసి, "ఆ తేదీ నేను చూస్త అన్నా, మీరు మర్చిపోతరు" అన్నది.

రెండో మనిషి కావాలి. ఎవరొస్తరు?

మీ తమ్ముడు,
మేళ్లచెరువు